సంగారెడ్డి జైలు చూసి వచ్చినాము సరే, మన పోదనూరు ప్లాట్‌ఫారం సంగతేమి?



ఇది పెద్ద పోస్టు, ముందే చెప్పేస్తున్నాము. తీరిక లేనివాళ్లు ఆదివారం చదవండి. సగం చదివి బొటనవేలి బొమ్మ పెట్టి పోకండి, అంతే. కోపం వస్తే కోపంగానే రాయండి, జవాబు చెప్తాము.

పోయిన నెల మన సంఘం తరఫున హైదరాబాదు యాత్ర పోయినాము కదా. కోయంబత్తూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది మొదలు ఎవరు ఏమి తిన్నారో, ఎవరి చెప్పులు ఎక్కడ పోయినాయో అన్నీ ఫోటోలతో సహా ఈ గ్రూపులో వచ్చేసినాయి. చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం గురించి మేము కొత్తగా చెప్పేది ఏమీ లేదు. నాలుగో రోజు సంగారెడ్డిలో పాత జైలు చూసినాము. ఆ జైలు దగ్గర మొదలుపెట్టి మన ఊరి దాకా వస్తాము, కొంచెం ఓపిక పట్టండి.

సంగారెడ్డి జైలు 1796 నాటిది, నిజాము రాజ్యంలో కట్టినది. రెండు వందల యేండ్లకు పైగా జైలుగానే నడిచింది. ఖైదీలను కొత్త జైలుకు మార్చినాక ఈ పాతది ఖాళీ పడితే, దాన్ని పడగొట్టకుండా 2016లో మ్యూజియం చేసినారు. ఆ పని చేసినవాళ్లకు దణ్ణం పెట్టాల్సిందే. ఎందుకంటే పడగొట్టినది కూడా చూసినవాళ్లం మేము. మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కన 1837 నాటి పాత సెంట్రల్ జైలు ఉండేది. ఆఫీసు పని మీద మద్రాసు పోయిన ప్రతిసారీ ఆ గోడ పక్కనే నడిచినాము. 2009లో దాన్ని కూలగొట్టేసినారు. ఇప్పుడు అక్కడ వైద్య కళాశాల కట్టడాలు ఉన్నాయి. ఆస్పత్రి మంచిదే, కాదనము. కాని ఒక్క గోడ, ఒక్క గది మిగిలించి ఉంటే ఏమి పోయేది?

కాబట్టి సంగారెడ్డిలో గోడలు నిలబడి ఉండటమే పెద్ద మాట. ఖైదీల గదులు, దుస్తులు, పళ్లేలు, అన్నీ చూసినాము. అక్కడ 2016లో ఒక పథకం కూడా పెట్టినారు. దాని పేరు ఫీల్ ద జైల్. పథకం పెట్టినప్పుడు ఐదువందల రూపాయలు కట్టితే ఇరవై నాలుగు గంటలు ఖైదీలాగా లోపల ఉండొచ్చు అన్నారు. ఖద్దరు బట్టలు, పళ్లెం, గ్లాసు, సోపు ఇస్తారు, జైలు తిండి పెడతారు. ఈ సంగతి తెలిసినాక మనవాళ్లకు వచ్చిన ఉత్సాహం చూడాల్సింది. ఒక అన్న, ఐదువందలకు హైదరాబాదులో లాడ్జి కూడా దొరకదు, మూడు పూటలా భోజనం వేరే పెడతారంట, వచ్చే యేడు ఇక్కడే దిగుదాం అన్నాడు. ఒక వదిన మా ఆయన్ని ఇక్కడే వదిలేసి పోతా అన్నది. ఆ మాటను అట్లనే ఫోటో కింద రాసి పెట్టినారు, దానికి ఎన్ని లైకులు వచ్చినాయో మీకే తెలుసు.

మేమేదో పెద్ద మనుషుల్లాగా పక్కన నిలబడి చూసినామని అనుకోకండి. ఆ కడ్డీల వెనుక నిలబడి రెండు వేళ్లు చూపించి పండ్లికిలించిన ఫోటోలో ఎడమ పక్కన తెల్ల చొక్కా మాదే. దాచి లాభం లేదు, అది గ్రూపులో ఉంది.

మన గుంపులో ఇరవై ఆరు మందిమి ఉన్నాము. రెండు గంటలు తిరిగినాము. బాత్రూము ఎక్కడ అని అడిగినాము, కాఫీ దొరుకుతుందా అని అడిగినాము, బస్సు ఎప్పుడు అని అడిగినాము. ఈ గదిలో ఎవరు ఉన్నారు, ఏ తప్పుకు వచ్చినారు, బ్రతికి బయటికి పోయినారా లేదా అని మనలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మేమూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్లేమో. ఆ తప్పు జైలుది కాదు, మనది.

దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపం అని ఒకటి ఉంది. మండేలాను పెట్టిన జైలు. దాన్ని 1997లో మ్యూజియం చేసినారు. అక్కడ జైలు తిప్పి చూపించే పనికి ఒకప్పుడు అదే జైలులో ఉన్న ఖైదీలనే పెట్టినారు. నేను ఇక్కడ పండుకున్నాను, ఇక్కడ రాళ్లు కొట్టినాను అని మనిషే ఎదురుగా నిలబడి చెప్తుంటే ఎవరైనా రెండు వేళ్లు చూపి ఫోటో తీసుకుంటారా? మనకు అట్లాంటి మనిషి దొరకడు. అయినా పేరు దొరుకుతుంది, తేదీ దొరుకుతుంది, లెక్క దొరుకుతుంది. రైల్వేలో గుమాస్తాలుగా బ్రతికినవాళ్లం కాబట్టి మాకు లెక్క చాలు.

ఇప్పుడు పోదనూరుకు వస్తాము.

యాత్ర ముగించుకొని రాత్రి పూట మన స్టేషన్లో దిగినాము. సామాన్లు మోసుకొని ప్లాట్‌ఫారం దాటుతుంటే యార్డులో గూడ్స్ బండి నిలబడి ఉంది. మూసిన వ్యాగన్లు, చీకటి. మాలో ఒకరు ఆగి, జైలు చూడటానికి వెయ్యి కిలోమీటర్లు పోయి వచ్చినాము, మన జైలు ఇక్కడే తెరిచినారు కదరా అన్నారు. తర్వాత ఇంటికి పోయేదాకా ఎవరం మాట్లాడలేదు.

మన పిల్లలకు తెలియదు కాబట్టి రాస్తున్నాము. పెద్దవాళ్లలో కూడా సగం మందికి తెలియదు, తెలిసినట్టు తల ఊపుతారు.

1921లో మలబారులో తిరుగుబాటు జరిగింది. ప్రభుత్వం మార్షల్ లా పెట్టి వేల మందిని పట్టుకొనింది. అక్కడి జైళ్లు నిండిపోయినాయి. ఖైదీలను బయటి జైళ్లకు, కోయంబత్తూరుకు, బళ్లారికి పంపుతూ వచ్చినారు. నవంబరు 19 సాయంత్రం తిరూరు స్టేషన్లో వంద మంది ఖైదీలను ఒక వ్యాగన్లో ఎక్కించినారు. తొంభై ఏడు మంది మాప్పిళ్ల ముస్లిములు, ముగ్గురు హిందువులు. పోవలసిన చోటు బళ్లారి జైలు. వ్యాగన్ నంబరు 1711. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్ల లగేజి వ్యాన్ అది. తలుపు మూసి మద్రాసు పోయే ప్యాసింజరుకు తగిలించినారు.

తిరూరు నుండి పోదనూరు నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్లు. షొర్నూరులో బండి నిలిచింది. ఒలవక్కోడులో నిలిచింది, అంటే ఇప్పటి పాలక్కాడు జంక్షన్. తలుపు తెరవలేదు. పోలీసులు అదే బండిలో వేరే పెట్టెలో కూర్చొని ఉన్నారు. అర్ధరాత్రి దాటి పోదనూరుకు వచ్చినాక తెరిచినారు. మన స్టేషన్లో. తెరిచేసరికి యాభై ఆరు మంది చచ్చిపడి ఉన్నారు. మిగిలినవాళ్లను కోయంబత్తూరుకు తరలించినారు. వాళ్లలోనూ ఇంకా పోయి మొత్తం డెబ్బై మంది లెక్క తేలింది. శవాలను మళ్లీ రైల్లోనే తిరూరుకు తిప్పి పంపినారు.

విచారణ కమిటీ వేసినారు. నాప్ అనే దొర దానికి అధ్యక్షుడు. కమిటీ తేల్చింది ఏమంటే, వ్యాగన్లో గాలి వచ్చే చోట సన్న జాలీ ఉంది, దాని మీద పెయింటు పూసి పూసి, దుమ్ము పట్టి, కన్నాలు మూసుకుపోయినాయి. గాలి రాలేదు. సార్జెంటు మీద, రైల్వే ఇన్స్పెక్టరు మీద మాట వచ్చింది. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు.

ఇక్కడ ఒక మాట, మా పాత ఉద్యోగం గుర్తుకు వచ్చి.

పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఒక బుట్ట తమలపాకులు బుక్ చేస్తే కూడా వేబిల్లు ఉంటుంది. ఎన్ని బుట్టలు, ఎంత బరువు, ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగాలి. దిగిన చోట సీలు తెగి ఉన్నా, ఒక బుట్ట తక్కువ వచ్చినా, కుళ్లి వచ్చినా ఆ గుమాస్తా వెంటనే డీడీ మెసేజ్ కొట్టాలి. కొట్టకపోతే నష్టం వాడి నెత్తి మీదికి వస్తుంది. క్లెయిమ్ వస్తుంది, విచారణ వస్తుంది, ఎవరి చేతిలో ఉన్నప్పుడు పాడైంది అని చూస్తారు. ఎద్దులను బుక్ చేస్తే వాటి వెంట మనిషి పోవాలి, నీళ్లు పెట్టాలి. నోరు లేని సరుకు కాబట్టి రైల్వేకు అన్ని నిబంధనలు. నోరున్న వంద మందిని ఎక్కించినప్పుడు, వాళ్లు అరుస్తూ ఉన్నప్పుడు, ఏ స్టేషన్లోనూ ఏ చేతికీ తలుపు గొళ్లెం దొరకలేదు. తెరిచిన తర్వాత తప్పు పెయింటుది అన్నారు! పెయింటు వేసినది ఎవరు, ఆ వ్యాను ఇచ్చినది ఎవరు, లోపల వంద మంది పడతారా అని చూడకుండా తాళం వేసినది ఎవరు? క్లెయిమ్ సెక్షన్లో ఇట్లాంటి జవాబు రాసి పంపితే మా పాత హెడ్ క్లర్కు కాగితం మొహాన కొట్టేవాడు.

దీన్ని వ్యాగన్ ట్రాజెడీ అంటారు. దుర్ఘటన అంటే వాన, పిడుగు, పట్టాల మీదికి వచ్చిన ఏనుగు. తాళం ఒక మనిషి వేసినాడు. అది ఒక మనిషి చేసిన పని.

ఇంత జరిగిన స్టేషను మనది. 1862లో బేపూరు లైను వేసినప్పటి నుండి ఉన్న స్టేషను. మన తాతలు, ముత్తాతలు ఇక్కడ పాయింట్స్‌మన్లుగా, గ్యాంగులో, లోకో షెడ్డులో, పోర్టర్లుగా బ్రతికినారు. ఇన్నేండ్లు డ్యూటీకి ఇదే ప్లాట్‌ఫారం మీద నడిచినాము. ఆ రాత్రి గురించి ఒక్క బోర్డు మా కంట పడలేదు. ఆ కథ మాకు తెలిసింది పాత స్టాఫు నోట, టీ కొట్టు దగ్గర. రాసిన అక్షరంగా కాదు.

అందుకే తిరిగి వచ్చిన వారమే కార్యవర్గ సమావేశంలో ఒక మాట పెట్టినాము. మన సంఘం తరఫున రైల్వేకు ఒక అర్జీ ఇద్దాము, పోదనూరు స్టేషన్లో ఒక రాయి నాటమని, ఖర్చు అవసరమైతే మనమే చందా వేసుకుందాము అని. అప్పుడు వచ్చిన మాటలు ఈ గ్రూపులో అందరికీ తెలియాలి. పేర్లు చెప్పము. చెప్పినవాళ్లు మాకు కావలసినవాళ్లే, రేపు పెళ్లిలో పక్కపక్కన కూర్చొని తినాల్సినవాళ్లే.

మొదటి మాట: అది మలయాళీ సాయిబుల సంగతి, తెలుగు సంఘానికి ఎందుకు నాయనా?

రెండో మాట: ఆ తిరుగుబాటులో వాళ్లు హిందువులను చంపలేదా?

మూడో మాట, గొంతు తగ్గించి చెప్పినది: కోయంబత్తూరులో ఇప్పుడు ఇవన్నీ తవ్వితే గొడవ. 1998 మర్చిపోయినారా?

మూడో దాని నుండే మొదలుపెడతాము, అదే నిజమైన భయం కాబట్టి.

1998 ఫిబ్రవరి 14 మర్చిపోలేదు. ఎవరూ మర్చిపోరు. ఆ రోజు బాంబుల్లో యాభై ఎనిమిది మంది పోయినారు. దానికి ముందు 1997 నవంబరులో అల్లర్లు, అదీ మర్చిపోలేదు. కర్ఫ్యూలో డ్యూటీకి పాసు పట్టుకొని పోయినవాళ్లం. కాని ఒక చావుల లెక్క చూపించి ఇంకొక చావుల లెక్క కొట్టేయడం ఏ పద్దులోనూ లేదు. రెండు వేరు వేరు పేజీలు. ఆ యాభై ఎనిమిది మందికి రాయి కావాలంటే దానికి కూడా మా సంతకం మొదట ఉంటుంది. గొడవ వస్తుందని నోరు మూసుకుంటే గొడవ పడేవాళ్లకే ఆ కథ మిగిలిపోతుంది, వాళ్లు దాన్ని వాళ్లకు కావలసినట్టు చెప్తారు. అది జరుగుతూనే ఉంది. తిరూరు స్టేషన్ గోడ మీద ఈ వ్యాగన్ బొమ్మ వేసినారు, 2018లో అభ్యంతరాలు వచ్చినాయని రైల్వే వాళ్లే దాన్ని చెరిపేసినారు. 2021లో, సరిగ్గా నూరేండ్లకు, ఆ తిరుగుబాటులో పోయినవాళ్ల పేర్లు అమరుల పుస్తకంలో నుండి తీసేయమని చరిత్ర పరిశోధన మండలి కమిటీ ఒకటి సిఫార్సు చేసింది. ఆ తిరుగుబాటును ఏమని పిలవాలో పండితులు కొట్లాడుకోనీ. ఒక పెట్టెలో ఊపిరాడక చచ్చినారనేదాన్ని మాత్రం ఏ కమిటీ కూడా తీసేయలేదు.

రెండో మాటకు సూటిగా జవాబు. అవును, ఆ తిరుగుబాటులో హిందువుల మీద కూడా దాడులు జరిగినాయి. చంపినారు, బలవంతంగా మతం మార్చినారు, ఇండ్లు వదిలి పారిపోయినవాళ్లు చాలా మంది. దాన్ని దాచి రాయి నాటమని మేము అడగటం లేదు. ఆ వ్యాగన్లో ఉన్న వంద మందిలో ఎవడు ఏమి చేసినాడో మాకు తెలియదు, మీకు తెలియదు. ఎవడైనా హంతకుడే అయి ఉండొచ్చు. ఏ పాపమూ చేయకుండా సంతలో పట్టుబడ్డవాడూ అయి ఉండొచ్చు. దాన్ని తేల్చడానికే కదా కోర్టు, జైలు? ఊపిరి ఆపేయమని ఏ తీర్పులో రాసి ఉంది? ఒక మనిషి చేతులకు సంకెల వేసి లోపల పెట్టిన క్షణం నుండి వాడి గాలి, నీళ్లు, ప్రాణం పెట్టినవాడి పూచీ. వాడు మంచివాడైతేనే పూచీ అనేది ఏ సర్కారులోనూ లేదు. ఇంకొకటి, ఆ ముగ్గురు హిందువుల సంగతి ఏమి? గాలి అయిపోయినప్పుడు వ్యాగన్ ఎవరినీ పక్కకు పెట్టలేదు. వాళ్ల పేరు మీదనైనా రాయి నాటడానికి ఒప్పుకుంటారా? ముగ్గురికి ఒప్పుకుని తొంభై ఏడు మందికి ఒప్పుకోకపోతే, మన తూకం రాయి ఎక్కడ తప్పిందో మీరే చూసుకోండి.

ఇక మొదటి మాట. తెలుగువాళ్లకు ఎందుకు అనేది. మాకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి కలిగించినది ఇదే.

ఆ వ్యాను ఎవరిది? బెజవాడ, గుంతకల్లు, రేణిగుంట పట్టాల మీద తిరిగిన కంపెనీది. పోవలసిన ఊరు ఏది? బళ్లారి. అప్పుడు మద్రాసు రాజధానిలో తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే జిల్లా. తెరిచిన స్టేషన్ ఏది? తెలుగువాళ్లు కూలీ నుండి గుమాస్తా దాకా బ్రతికిన పోదనూరు. ఆ రాత్రి డ్యూటీలో మన ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారేమో, లాంతరు పట్టుకొని ఆ తలుపు దగ్గర నిలబడినారేమో. ఉండి ఉంటే ఇంటికి పోయి అవ్వతో ఏమని చెప్పి ఉంటారు? మనకు తెలియదు, ఎందుకంటే మనం అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

ఇంకొక కథ చెప్తాము, ఇది మన కోయంబత్తూరు జైలుది. మేము తమిళంలో చదువుకున్నవాళ్లం. చిన్న క్లాసు నుండే వ.ఉ.చిదంబరం పిళ్లై పాఠం ఉంటుంది. సెక్కిళుత్త సెమ్మల్ అని బిరుదు. 1906లో తూత్తుకుడిలో దొరల కంపెనీకి పోటీగా స్వదేశీ స్టీమర్లు నడిపినాడు. 1908లో రాజద్రోహం అని రెండు యావజ్జీవాలు వేసి మన కోయంబత్తూరు జైలులో పెట్టినారు. 1910 దాకా ఇక్కడే ఉన్నాడు. ఎద్దు స్థానంలో కట్టి గానుగ తిప్పించినారు. ఆ గానుగ ఈ రోజుకూ గాంధీపురం పక్కన సెంట్రల్ జైలు ఆవరణలో ఉంది. మన బస్సులు రోజూ ఆ గోడ పక్కనే పోతాయి.

ఆయన తమిళుడు, సరే. ఆయన్ని పట్టుకొన్నప్పుడు తిరునెల్వేలిలో జనం తిరగబడితే తుపాకులు పేల్చినారు, మనుషులు పోయినారు. ఆ కాల్పుల మీద కోపంతో రాసి జైలుకు పోయినవాడు ఎవరో మన పిల్లలకు తెలుసా? తెలుగువాడు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు. బెజవాడలో స్వరాజ్య పత్రికలో రాసినాడు. మూడేండ్ల కఠిన శిక్ష వేసి వేలూరు జైలులో పెట్టినారు. ఆంధ్రలో మొదటి రాజకీయ ఖైదీ అని ఆయన్ని చెప్తారు. ఆయన తిరునెల్వేలి చావులను చూసి, అది అరవవాళ్ల సంగతి, మనకెందుకు నాయనా అనలేదు. అట్లా అనుకుని ఉంటే ఇంట్లో కూర్చొని ఉండేవాడు, మనం ఆయన పేరు చెప్పుకొని మన సంఘం వార్షికోత్సవంలో బొమ్మకు దండ వేసేవాళ్లం కాము. దండ వేయడం తెలుసు, ఎందుకు జైలుకు పోయినాడో తెలియదు!

కోయంబత్తూరు జైలు మీద ఇంకో మాట కూడా ఉంది. ఆ జైలు స్థలంలో కొంత తీసుకొని సెమ్మొళి పూంగా కట్టినారు. జైలును ఊరి బయటికి మార్చాలనే మాట చాలా కాలంగా నడుస్తోంది. ఈ రోజు కాకపోతే రేపు మారుస్తారు. అప్పుడు ఆ పాత కట్టడాలను ఏమి చేస్తారు? మద్రాసులోలాగా కూలగొడతారా, సంగారెడ్డిలోలాగా నిలబెడతారా? నిలబెట్టితే లోపల ఏమి పెడతారు? గానుగ తప్పకుండా పెడతారు, పెట్టాలి. దాని పక్కన 1922 ఫిబ్రవరి 17న అదే జైలులో ఉరి తీసిన ఆలీ ముస్లియారు పేరు ఉంటుందా? వ్యాగన్లో నుండి బ్రతికి వచ్చినవాళ్ల సంగతి ఉంటుందా? లేకపోతే ఒక పళ్లెం, ఒక కంబళి, ఫోటోకు ఒక కడ్డీల తలుపు, ఐదువందల టికెట్టు, అంతేనా? ఇప్పుడు నోరు తెరవకపోతే అప్పుడు తెరిచి లాభం లేదు. టెండరు అయిపోయినాక అర్జీ ఇచ్చినవాడి గతి ఏమవుతుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కరలేదు.

ఇంకొకరు చెప్పిన మాట కూడా రాయాలి, అది న్యాయమైన మాట కాబట్టి. ఒక చెల్లెలు అన్నది: అన్నా, సంఘం డబ్బు పిల్లల ఫీజులకే చాలడం లేదు, రాయికి ఎక్కడి నుండి? నిజమే. దానికి సంఘం డబ్బు ఒక్క రూపాయి వద్దు. యాత్రకు మనిషికి ఎంత పెట్టినామో అందరికీ తెలుసు. మాలో రిటైరైన రైల్వే వాళ్లం ఏడుగురం ఉన్నాము, వచ్చే నెల పెన్షన్లో నుండి తలకు వెయ్యి రూపాయలు పక్కన పెడతాము. ఇంకెవరైనా ఇస్తే వద్దనము, బలవంతం చేయము.

అర్జీలో ఏమి రాయాలో కూడా రాసి పెట్టినాము. పెద్ద కథ వద్దు. తమిళం, మలయాళం, ఇంగ్లీషు, తెలుగు నాలుగింటిలో నాలుగు వాక్యాలు చాలు: 1921 నవంబరు 19 రాత్రి తిరూరు నుండి 1711 నంబరు లగేజి వ్యాన్లో మూసి పంపిన వంద మంది ఖైదీలలో డెబ్బై మంది ఊపిరాడక చనిపోయినారు. వ్యాను తలుపు తెరిచినది ఈ స్టేషన్లో. వాళ్లు అప్పుడు ప్రభుత్వం చేతిలో ఉన్నారు. ఎవరికీ శిక్ష పడలేదు. అంతే. వీరులు అని రాయము, ద్రోహులు అని రాయము. కింద మన సంఘం పేరు కూడా వద్దు, ఆ సమస్య అసలే లేకుండా.

ఆ చివరి వాక్యం తీసేయమని ఒక అన్న ఫోన్ చేసి చెప్పినారు. రైల్వే వాళ్లు దాన్ని చూసి అర్జీని పక్కన పడేస్తారంట. పడేయనీ. ఆ వాక్యం లేకపోతే మళ్లీ పెయింటు మీదికే పోతుంది. మేము దాన్ని తీయము. కార్యవర్గం ఓటు వేసి తీసేస్తే సంఘం పేరు మీద కాకుండా మేము ఏడుగురం మా పేర్లతో ఇస్తాము, మా పాత స్టాఫ్ నంబర్లతో సహా.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాల్లో సంతకాలు. ఇంటికి ఒకరు వచ్చినా చాలు. వ్యతిరేకించేవాళ్లు కూడా రండి, ఎదురుగా చెప్పండి, ఫోన్లో గుసగుసలు వద్దు. పది ముప్పైకి హాలు నుండి నడిచి స్టేషన్ ప్లాట్‌ఫారం దాకా పోయి, రాయి ఎక్కడ ఉంటే జనం కంట పడుతుందో చూసి వస్తాము. అందరూ ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకోండి, రిటైరైనవాళ్లతో సహా. ఆ రోజు ఫోటోలు తీయడం తమ్ముళ్లలో ఒకరికి అప్పచెప్పినాము, మిగిలినవాళ్లు ఫోన్లు జేబులోనే పెట్టుకోండి. కాఫీ, వడలు మా ఇంటి నుండి వస్తాయి.